ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే

సంక్రాంతికి ముందు అటక దులుపుతుంటే తాత రేకుపెట్టె బయటపడింది. పాత శిస్తు రసీదులూ, తాత కంటి ఆపరేషను కాగితాలూ, ఏ తాళానివో తెలియని రెండు తాళంచెవులూ తీసి పక్కన పెడితే, అడుగున పురికొసతో కట్టిన కరపత్రాల కట్ట ఉంది. గులాబీ, పసుపు, పచ్చ రంగుల పల్చటి కాగితాలు. మడత దగ్గర పట్టుకుంటే అప్పడంలా విరుగుతున్నాయి. అన్నింటిదీ ఒకటే వరస. పైన చిన్నక్షరాల్లో అధ్యక్షులెవరో, మధ్యలో లావు అక్షరాల్లో విషయం, దాని కింద వక్త పేరూ ఊరూ, అట్టడుగున ఒక గీత కొట్టి: ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే.

ఆ చివరి ముక్క మీద ఆరో తరగతిలో ఉండగా తాతని అడిగాను. "డబ్బులు కట్టి వినే ఉపన్యాసాలు కూడా ఉంటాయా తాతా?"

"పెడితే ఎవరు పోతారమ్మణ్ణీ? మనమే పోం" అన్నాడు.

తాత తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషనంటే భయంతో ఏళ్ళ తరబడి వాయిదా వేశాడు. పొద్దు గూకితే మెట్లు ఆనేవి కావు. అయినా ఉపన్యాసాలు మానడు. "యాడన్నా పడి కాలిరగ్గొట్టుకుంటే నేను చెయ్యలేను" అని అవ్వ నన్ను తోడిచ్చి పంపేది. అలా 1984 నుంచి ఓ ఎనిమిదేళ్ళు, నెలకు ఒకటో రెండో సాయంత్రాలు, నెల్లూరులో చరిత్ర మీద ఎవరు మాట్లాడినా విన్నాను. మొదట్లో వినలేదు లెండి, కాఫీ కోసం పోయాను.

మా ఇల్లు మూలాపేట. పేరున్న రచయితలొస్తే సభ టౌన్‌హాల్లో. రేబాలవారి పేరున్న ఆ పురమందిరానికి పోవాలంటే తాత గంజిపెట్టిన చొక్కా తీసేవాడు. తక్కినవన్నీ ట్రంకురోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సందులో, సైకిల్ షాపు పైనున్న మేడగదిలో. దాన్ని హాలు అనేవాళ్ళు, మర్యాదకు. ముప్పై ఇనప కుర్చీలు, ముందు ఒక జంపఖానా, ఆడవాళ్ళకని గోడవారన ఒక బెంచీ. ఆ బెంచీ మీద చాలాసార్లు నేనొక్కదాన్నే. ఒక్కోసారి వక్తగారి భార్య వచ్చి కూర్చునేది, పాపం, ఆ ఉపన్యాసం ఇంట్లో పదిసార్లు విన్న మొహంతో. ఒకాయన గొంతు పెంచి "అప్పుడు గణపతిదేవుడు తన సైన్యాన్ని..." అన్న మరుక్షణం కింద షాపులో ట్యూబు పేలింది. హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, నీళ్ళు తాగి, "సైన్యం వచ్చేసింది" అన్నాడు.

సాయంత్రం ఆరు గంటలకని అచ్చేస్తే ఏడుకి మొదలు. అధ్యక్షులవారు లేచి "ఒక్క రెండు ముక్కలు చెప్పి వక్తకు అవకాశమిస్తాను" అనగానే తాత నా చెవిలో "నలభై నిమిషాలు" అనేవాడు. నేను గోడ గడియారం చూసేదాన్ని. తాత లెక్క ఐదు నిమిషాలకు మించి తప్పలేదు.

అన్నీ గొప్ప ఉపన్యాసాలేం కావు. కొందరు తమ ఊరే ప్రపంచానికి నడిబొడ్డని చెప్పడానికి వచ్చేవాళ్ళు. కొందరికి చరిత్రంటే రాజుల వంశవృక్షం, అంతే. నల్లబోర్డు మీద పైనుంచి కిందికి పేర్లు రాసుకుంటూ పోయి, బోర్డు అయిపోతే ఉపన్యాసం అయిపోయేది. నెల్లూరు అన్న పేరు ఎలా వచ్చిందన్న దాని మీద ఒకసారి పెద్ద రగడ. మా మూలస్థానేశ్వరుడు నెల్లి చెట్టు కింద దొరికాడు కాబట్టి, అరవంలో నెల్లి అంటే ఉసిరి కాబట్టి, నెల్లూరు అని వక్త. అరవంలోనే నెల్ అంటే వడ్లు, ఇది మొలగొలుకులు పండే నేల, ఇంక ఉసిరికాయెందుకు అని మూడో వరసలోంచి బియ్యం వ్యాపారం చేసే ఒకాయన. ఇద్దరూ తగ్గలేదు. విక్రమసింహపురి అనే పేరుంది కదా, దాంతో సరిపెట్టుకుందాం అని అధ్యక్షులు సభ ముగించారు.

పల్లిపాడు గురించి ఒక సాయంత్రం. పెన్న ఒడ్డున ఇసక, సర్వీ తోపు తప్ప ఏమీ లేదనుకున్న ఊరు అది నాకు. 1921 ఏప్రిల్ 7న గాంధీ వచ్చి అక్కడ పినాకినీ సత్యాగ్రహాశ్రమం ప్రారంభించాడని, దానికి స్థలమిచ్చింది పొణకా కనకమ్మ అని, కట్టడానికి పదివేలు ఇచ్చింది దక్షిణాఫ్రికాలో గాంధీతో జైలుకెళ్ళిన పార్సీ రుస్తుంజీ అని వక్త చెప్పాడు. ఎక్కడి రుస్తుంజీ, ఎక్కడి పెన్న! మా అమ్మ చదువుకున్న కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది కూడా ఆ కనకమ్మేనని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. ఇంటికొచ్చి అమ్మకు చెబితే, "తెలుసులేవే, బియ్యంలో రాళ్ళు ఏరు" అంది.

నాకు అందరికంటే ఇష్టమైనాయన కావలి వైపు హైస్కూల్లో లెక్కల మాస్టారు. శాసనాల పిచ్చి. బటర్‌వర్త్ అనే దొర, వేణుగోపాల్ చెట్టి అనే ఆయన కలిసి నెల్లూరు జిల్లా రాగిరేకులూ రాతి శాసనాలూ 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేశారు. ఆ పుస్తకంలోని రాళ్ళు ఇప్పుడెక్కడున్నాయో చూద్దామని ఈయన సెలవుల్లో సైకిలేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. ఒకటి చాకిరేవులో దొరికిందట. ఒకటి దొడ్డి గుమ్మానికి మెట్టు. ఇంకొకదానికి పసుపు పూసి, బొట్లు పెట్టి అమ్మవారిని చేసేశారు. "ఆ రాయే అన్నింటికంటే భద్రంగా ఉంది" అన్నాడాయన.

ఆయన గుడ్డసంచీలోంచి ఒక కాగితం చుట్ట తీశాడు. బల్ల చాలలేదు. "పాపా, నువ్వు ఈ కొస పట్టుకో" అని నన్ను పిలిచాడు. నేను బెంచీ దిగి పోయి పట్టుకున్నాను. నిలువెత్తు నల్లటి కాగితం, దాని నిండా తెల్లటి అక్షరాలు. రాయిని బాగా కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొడుతూ పోతే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుందట. ఆ మీద సిరా అద్దిన గుడ్డముద్దతో తట్టుకుంటూ పోతే మెట్టభాగం నల్లబడి, గుంటల్లోది తెల్లగా మిగులుతుంది. "రాయి ఆడే ఉంటది, దాని ఒంటి మీది చొక్కా మాత్రం మనం పట్టుకొచ్చామన్న మాట" అన్నాడు. చదవమన్నాడు. ఏమీ తెలియలేదు. చూడగా చూడగా మొదటి వరసలో ఒక్కటి తెలిసింది. "శ్రీ" అన్నాను. "స్వస్తిశ్రీ" అని ఆయన పూర్తిచేసి, "ఏడొందల ఏళ్ళ నాటి మాట చదివింది ఈ పిల్ల" అని సభకు చెప్పాడు. నేను చదివింది సగమే. అయినా చప్పట్లు కొట్టారు. వేళ్ళకంటిన మసి రెండ్రోజులు కడుక్కోలేదు.

ఆ శాసనం చివర, ఈ దానాన్ని చెడగొట్టినవాడు గంగ ఒడ్డున కపిలగోవును చంపిన పాపాన పోతాడని ఉంది. మాస్టారు అది చదవగానే తాత ఒళ్ళు కదిలేలా నవ్వాడు. "మా ఆఫీసు పట్టాల్లో ఈ ఒక్క ముక్క రాసుంటే సగం దావాలు ఉండేయి కావు" అన్నాడు. ఆ రాత్రి ఆయన తను సొంత డబ్బుతో అచ్చేయించుకున్న చిన్న పుస్తకం అమ్మితే తాత ఎనిమిది రూపాయలు పెట్టి కొన్నాడు. "ఉచితమని పోయి ఎనిమిది రూపాయలు పారేసొచ్చినారా!" అని అవ్వ వారం రోజులు సాధించింది.

తాత సభలో లేచి మాట్లాడింది నాకు తెలిసి ఒక్కసారే. పొట్టి శ్రీరాములు గురించి ఉపన్యాసం. 1952లో మద్రాసులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో, 58 రోజుల దీక్ష, డిసెంబరు 15 రాత్రి మరణం, మరుసటేడు అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం. అంతా మాకు పాఠంలో ఉన్నదే. వక్త అంతటితో ఆగకుండా 1946లోకి వచ్చాడు, మా మూలాపేటకి. వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని ఆయన అప్పుడే ఒక నిరాహార దీక్ష చేశాడు. చెప్పుల్లేవు, గొడుగు లేదు, ఎర్రటి ఎండలో అట్టముక్కల మీద నినాదాలు రాసుకుని మెళ్ళో వేసుకుని నెల్లూరు వీధుల్లో తిరిగేవాడు. ప్రశ్నలడగమన్నప్పుడు తాత కుర్చీ పట్టుకుని లేచాడు. ప్రశ్నేమీ అడగలేదు.

"నేను చూశానండీ ఆయన్ని. మా ఈదిలో పోతుంటే పిచ్చోడని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వినా." అని కూర్చున్నాడు.

ఎవరూ ఏమీ అనలేదు. వక్త కూడా కాసేపు కాగితాలు సర్దుకున్నాడు. ఇంటికి పోతూ తాత గుడి ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు. తలుపులు ఎప్పుడో వేసేశారు. నేను పక్కన నిలబడి, రేపటి లెక్కల పరీక్ష గురించి ఆలోచించాను.

1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున సభలు పెట్టడం మానుకున్నారు. పెట్టినా వక్తే ఆలస్యంగా వచ్చేవాడు, సీతమ్మని చూసి. అన్నీ సాయంత్రాలకు మారాయి. ఆ తర్వాతి ఏడు చలికాలంలో, కింద సైకిల్ షాపు గోడకు ఆనించిన నల్లబోర్డు మీద సుద్దముక్కతో "కాటమరాజు - ఖడ్గతిక్కన" అని రాశారు.

వక్త తిరుపతి నుంచి వచ్చిన రచయిత. సన్నటి మనిషి, చేతిలో గోధుమరంగు డైరీ. బాగా చెప్పాడు. నెల్లూరు మనుమసిద్ధి ఏలుబడి. కనిగిరి వైపు కరువొస్తే యాదవుడు కాటమరాజు ఆలమందల్ని తోలుకుని పెన్న ఒడ్డు పచ్చికకు రావడం. మేపుకున్నందుకు రాజుకు పుల్లరి కట్టాలన్న ఒప్పందం. కట్టకుండా ఒప్పందం మీరడం. దండెత్తమని రాజు ఖడ్గతిక్కనను పంపడం. ఈ తిక్కన భారతం రాసిన తిక్కన సోమయాజికి వరసకు అన్నదమ్ముడు. ఓడి ఇంటికొస్తే ఇల్లాలు స్నానానికి మంచం చాటుపెట్టి, పసుపుముద్ద ఉంచిందట, ఆడవాళ్ళకు పెట్టినట్టు. తల్లి విరిగిన పాలు పోసి అన్నం పెట్టిందట. ఏందమ్మా ఇది అంటే, నువ్వు విరిగొచ్చావు గదా నాయనా, పాలూ విరిగాయి అందట. సిగ్గుపడి మళ్ళీ పోయి పంచలింగాల దగ్గర పోరాడి చచ్చిపోయాడు. ఈ కథ నెల్లూరులో తెలియనివాళ్ళు లేరు. అయినా ఆ పాల దగ్గరికి వచ్చేసరికి హాల్లో సైకిల్ షాపు సుత్తి చప్పుడు కూడా ఆగినట్టు అనిపించింది.

వెనక మెట్ల దగ్గర గొంగళి భుజాన వేసుకున్న ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. కుర్చీలు ఖాళీగానే ఉన్నా కూర్చోలేదు. ఆత్మకూరు అవతల ఏదో పల్లె. కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడు, వాణ్ణి చూడ్డానికి వచ్చి, బోర్డు మీద కాటమరాజు పేరు ఎవరో చదివితే విని, కథ చెప్తారేమోనని పైకెక్కాడు. ఇవన్నీ తర్వాత తెలిశాయి. వక్త నీళ్ళగ్లాసు అందుకున్నాడో లేదో ముసలాయన గొంతు లేచింది.

"సామీ, ఒక్క మాట. పుల్లరి ఎగ్గొట్టింది మేం గాదు."

హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. మేం అంటే ఎవరో ఒక క్షణం ఎవరికీ అంతుపట్టలేదు.

"ఆ యేడు పుట్టిన కోడెదూడలు ఇస్తామని గదా మాట? ఇస్తామనే అన్యాం. ముందర మా ఆవుల్ని చంపించింది ఎవురు? రాజుగారు ఉంచుకున్నామె చిలక చచ్చిందని, నోరులేని గొడ్ల మీదికి మనుషుల్ని తోలింది ఎవురు? అది చెప్పకుండా మాట తప్పినారంటే ఎట్టా?"

అధ్యక్షులవారు చెయ్యెత్తి, "పెద్దాయనా, ప్రశ్నలు చీటీ మీద రాసి పంపాల" అన్నారు. ముసలాయనకు చీటీ ఏంటో అర్థం కాలేదు. రాయడం ఎటూ రాదు. ఆ వెనక ఎవరో నవ్వారు. వక్త మాత్రం గ్లాసు కింద పెట్టి, కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ ఆయన దగ్గరికి పోయాడు. ఏదో అడిగాడు. ఆయన ఏదో చెప్పాడు. మైకు లేదు కాబట్టి మాకేమీ వినపడలేదు. వేదిక మీద అధ్యక్షులు, కార్యదర్శి ఇద్దరే మిగిలారు. వందన సమర్పణ ఎవరికి చేయాలో తెలియక కార్యదర్శి కాగితం చూసి గబగబా చదివేశాడు. శాలువా కప్పడానికి పోతే వక్త "ఉండండి ఉండండి" అని భుజం విదిలించుకున్నాడు.

ఆ సభల్లో నాకు గుర్తున్న నిండు హాలు ఒక్కటే. దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా పాకిన రోజుల్లో, 1992 చివర్లో. ఎప్పటిలాగే పోయి నా బెంచీ మీద కూర్చోబోతే చోటు లేదు. జంపఖానా నిండా ఆడవాళ్ళే. అక్షరదీపం బళ్ళో కొత్తగా చదువు నేర్చుకున్నవాళ్ళు నల్లబోర్డు మీద రాసింది పైకి కూడబలుక్కుని చదువుతున్నారు. చరిత్ర గురించి మాట్లాడ్డానికొచ్చిన రచయిత రెండు మాటలు చెప్పి కూర్చున్నాడు, వాళ్ళే మాట్లాడారు. మరుసటేడు రాష్ట్రమంతా సారా నిషేధించారు. తాత ఆ యేడే పోయాడు. నాకు పెళ్ళయి ఒంగోలు వచ్చేశాను. ఆ మేడ పడగొట్టి సెల్‌ఫోన్లమ్మే అంగళ్ళు కట్టారు. సైకిల్ షాపాయన మాత్రం అదే సందులో ఇంకో మూల చేరాడని తమ్ముడు చెప్పాడు.

కరపత్రాల కట్టలో ఆ కాటమరాజు కాగితం కూడా ఉంది. పసుపుది. వెనక తాత చేత్తో రాసిన లెక్క: టీలు 4, బీడీలు కట్ట 1, టిక్కెట్టు. టిక్కెట్టు పక్కన అంకె చెదిరిపోయింది. అది చూశాకే ఆ రాత్రి మిగతాది గుర్తొచ్చింది.

సభ అయ్యాక ముసలాయన ఆత్మకూరు బస్టాండుకు బయలుదేరాడు, ఆఖరి బస్సు ఉందని. వక్త ఆయన పక్కనే. తాత వాళ్ళ వెనక, తాత చెయ్యి పట్టుకుని నేను. దారంతా ముసలాయన మాట్లాడుతూనే ఉన్నాడు. బస్టాండులో టీబంకు పక్కన ట్యూబులైటు కింద నిలబడి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని పాడాడు. పాటంటే పాట కాదు, సాగదీసిన మాట. ఆవుల పేర్లు వరసగా వచ్చాయి. ఒకదాని పేరూ గుర్తులేదు. ఒక్కో పేరు అన్నప్పుడు ఆయన ఆ ఆవును చేత్తో చూపించినట్టు పక్కకు తిరిగేవాడు, అదిగో అక్కడే నిలబడి ఉన్నట్టు. వక్త డైరీ తీసి రాసుకుంటున్నాడు. "ఆ పేరు మళ్ళీ చెప్పు పెద్దాయనా" అంటున్నాడు. హాల్లో రెండు గంటలు ఆగకుండా మాట్లాడిన మనిషి ఆ ఒక్క ముక్క తప్ప ఇంకేమీ అనడం లేదు. కండక్టరు రెండుసార్లు ఈల వేశాడు. మూడోసారి దిగొచ్చి, తనూ కాసేపు విని, "ఇంక ఎక్కు తాతా, డ్రైవరు తిడతాడు" అన్నాడు.

బస్సు పోయేసరికి పెద్ద బస్టాండులో తిరుపతి బస్సు కూడా పోయింది. వక్త ఆ రాత్రి మా ఇంటి వసారాలో తాత మంచం మీద పడుకున్నాడు, తాత కింద చాప మీద. ఎంతసేపటికీ లైటు తీయలేదు. పొద్దున ఆయన పళ్ళు తోముకోవడానికి పోయినప్పుడు అవ్వ దోసె తిప్పుతూ గొంతు తగ్గించి అడిగింది:

"ఏమయ్యా, రాత్రి సభోళ్ళు ఆయనకి ఏమన్నా ఇచ్చినారా?"

"బస్చార్జీ ఇచ్చినారు."

"బస్సే ఎక్కలేదు గదా. ఆ డబ్బులున్నట్టే గదా మరి?"

తాత ప్లేటులోకి చూస్తూ, "కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడంట, ఆ పెద్దాయన చేతిలో పెట్టేశాడు. ముసలాయనకి ఆత్మకూరు టిక్కెట్టు నేను తీసినా" అన్నాడు.

"అయితే ఈయన తిరుపతికి?"

తాత మాట్లాడలేదు. అవ్వ దోసె పెనం మీదే వదిలేసి, పోపులడబ్బా దించుకోవడానికి లోపలికి పోయింది.